ఇంటి స్విమ్మింగ్ పూల్‌కి ఏ పంపు, ఏ ఫిల్టర్ పెట్టాలి? కరెంటు తక్కువ కాలాలి (నెల్లూరు)

సింహపురి_మేడ
అందరికీ నమస్కారం. నెల్లూరులో వేదాయపాళెం వైపు ఇల్లు కట్టుకుంటున్నాం. వెనకాల కొంచెం స్థలం మిగిలింది. ఎండాకాలం వస్తే పిలకాయలు మైపాడు బీచికి పోదామని ఒకటే గొడవ, వాళ్లని సముద్రంలో దించాలంటే నాకు భయం, అందుకని ఇంట్లోనే చిన్న పూల్ కట్టిద్దామని దిగాం. పొడవు 8 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, లోతు ఒక పక్క 1.2, ఇంకో పక్క 1.5. గుంత తవ్వడం అయిపోయింది, కమ్మీ కడుతున్నారు. పైపులు ఇంకా వెయ్యలేదు.

కాంట్రాక్టర్ ఇచ్చిన కొటేషన్‌లో 2 హెచ్‌పీ పంపు, 500 ఎంఎం ఇసుక ఫిల్టర్, 50 ఎంఎం పైపు ఉన్నాయి. రోజుకు 8 గంటలు ఆడించాలంట. మా నాన్న కాగితం తీసుకుని లెక్క వేశారు. 2 హెచ్‌పీ మోటారు గంటకు దగ్గర దగ్గర 1.9 యూనిట్లు లాగుతుంది, రోజుకు 15, నెలకు 450 యూనిట్లు. ఏసీలతోనే మా బిల్లు 400 యూనిట్లు దాటుతుంది, ఆ పైన యూనిట్ 9.75 పడుతుంది కదా, అంటే పూల్ ఒక్కదానికే నెలకు 4,400. ఆ మాట విన్నప్పటి నుంచి ఇంట్లో టెన్షన్. నాన్న అయితే గుంత పూడ్చేయమంటున్నారు.

వేరియబుల్ స్పీడ్ పంపు (వేగం మార్చుకోగలది) పెట్టుకో, బిల్లు తగ్గుతుందని ఒక ఫ్రెండ్ చెప్పాడు. దాని ధర అడిగితే మామూలు పంపుకు మూడింతలు చెప్తున్నారు. నిజంగా అంత ఉపయోగం ఉంటుందా? ఫిల్టర్ ఏది తీసుకోవాలి? వాడుతున్న వాళ్లు దయచేసి చెప్పండి.

మోటారు_వైండింగ్_కావలి
అన్నా, పైపులు వెయ్యకముందే అడిగారు, అదే పెద్ద అదృష్టం. నా దగ్గరకు వచ్చేవాళ్లంతా టైల్స్ అతికించాక, మోటారు కాలాక వస్తారు. అప్పుడు నేను వైండింగ్ చేసి ఇవ్వడం తప్ప ఏమీ చెయ్యలేను.

ముందు మీ పూల్‌లో ఎన్ని నీళ్లు పడతాయో చూడండి. 8 × 4 × సగటు లోతు 1.35 అంటే 43 ఘనపు మీటర్లు, 43,000 లీటర్లు. ఇంటి పూల్‌కి ఈ నీళ్లన్నీ ఒక్కసారి ఫిల్టర్ గుండా పోవడానికి 6 నుంచి 8 గంటలు పట్టినా ఏం ఇబ్బంది లేదు. 6 గంటలు అనుకుంటే గంటకు 7,200 లీటర్లు చాలు.

ఇప్పుడు ఈ పనికి ఎంత శక్తి కావాలో చూడండి. గంటకు ఎన్ని ఘనపు మీటర్లో దాన్ని హెడ్డు (పంపు ఎంత ఎత్తుకు తోసినంత ఒత్తిడి పెట్టాలో ఆ లెక్క) మీటర్లతో గుణించి 367తో భాగిస్తే నీళ్లు కదలడానికి కావాల్సిన కిలోవాట్లు వస్తాయి. 7.2 × 8 మీటర్ల హెడ్డు ÷ 367 అంటే 0.157, అంటే 157 వాట్లు. పంపు, మోటారు కలిపి సగం వృథా చేసినా 320 వాట్లకు మించదు. మీకు రాసిచ్చిన పంపు 1,900 వాట్లు లాగుతుంది. మిగతాదంతా పైపులో రాపిడికీ వేడికీ పోతుంది, దానికి మీరు బిల్లు కడతారు.

అందుకని పంపు గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు పైపు, ఆ తర్వాత ఫిల్టర్, చివర్లో పంపు. ఈ వరసలోనే తేల్చుకోండి.

ఒంగోలు_గిత్త
కావలి అన్న చెప్పింది అక్షరాలా నిజం, నేను అనుభవించాను. మాది ఒంగోలు, పూల్ మీ సైజే. నాకూ 2 హెచ్‌పీ, 500 ఫిల్టరే పెట్టారు. పెట్టిన నాలుగో నెలకు పూల్ అడుగున ఇసుక కనపడటం మొదలైంది. గాలికి పడుతోందేమో అనుకుని రోజూ వాక్యూమ్ కొట్టించాం. తర్వాత ఒక తెలిసినాయన వచ్చి చూసి, పంపు తోసే నీళ్లు ఆ ఫిల్టర్ తట్టుకోలేదు, అందుకే ఇసుక బయటికి వస్తోంది అన్నాడు.

ఆయన చెప్పిన లెక్క ఇప్పటికీ గుర్తుంది. 500 ఎంఎం ఫిల్టర్‌లో ఇసుక పైభాగం విస్తీర్ణం 0.196 చదరపు మీటర్లు. ఇంటి ఫిల్టర్లకు కంపెనీవాళ్లు చదరపు మీటరుకు గంటకు మహా అయితే 50 ఘనపు మీటర్లు అని రాస్తారు. అంటే 500 దానికి గంటకు 10 ఘనపు మీటర్లు దాటకూడదు. నా 2 హెచ్‌పీ పంపు అంతకు రెట్టింపు తోస్తోంది. నీళ్లు ఇసుకలో దారులు చేసుకుని పోతాయి, మురికి ఆగదు. ఎంతసేపు ఆడించినా నీళ్లు మసకగానే ఉంటాయి. మసకగా ఉన్నాయని మనం ఇంకో రెండు గంటలు ఎక్కువ ఆడిస్తాం, చివరికి బిల్లు పెరుగుతుంది.

నేను ఫిల్టర్ 600కు మార్చాను, పంపు 1 హెచ్‌పీకి దించాను. నీళ్లు అంతకుముందు కంటే బాగున్నాయి. పైపులు మాత్రం నేలలో ఉండిపోయాయి, వాటిని ఏం చెయ్యలేకపోయాను.

సింహపురి_మేడ
ఇద్దరికీ థాంక్స్ అన్నా. ఒక సందేహం. నీళ్లు నెమ్మదిగా పోతే శుభ్రం ఎట్టా అవుతాయి? జోరుగా తిరిగితేనే కదా మురికి లాగేది? కాంట్రాక్టర్ కూడా అదే అంటున్నాడు, పెద్ద పంపు ఉంటే తొందరగా పని అయిపోతుంది, తక్కువ గంటలు ఆడించుకోవచ్చు అని.

మోటారు_వైండింగ్_కావలి
అందరూ పొరపాటు పడేది అక్కడే. బియ్యం కడిగిన నీళ్లు గుడ్డలో వడకట్టేటప్పుడు నెమ్మదిగా పోస్తే తేటగా దిగుతాయి, ఒక్కసారి గుమ్మరిస్తే గుడ్డ పక్కల నుంచి కారిపోతాయి. ఇసుక ఫిల్టర్ కూడా అంతే, నెమ్మదిగా పోతేనే సన్నటి మురికి ఆగుతుంది.

ఇక తొందరగా పని అయిపోతుందన్న మాట. పంపు వేగం సగం చేస్తే నీళ్లు సగం వస్తాయి, హెడ్డు నాలుగో వంతుకు పడిపోతుంది, లాగే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఇది పంపుల శాస్త్రంలో మొదటి పాఠం. నిజం పంపులో ఎనిమిదో వంతు దాకా పోదు, తక్కువ వేగంలో మోటారు, డ్రైవ్ వృథా కొంచెం పెరుగుతుంది కాబట్టి ఆరో వంతు అనుకోండి.

లెక్కలో పెడతా. పంపు ఫుల్ స్పీడులో గంటకు 14 ఘనపు మీటర్లు తోస్తూ 1,350 వాట్లు లాగుతోంది అనుకుందాం. మీ 43,000 లీటర్లు తిరగడానికి 3 గంటలు, 4 యూనిట్లు. అదే పంపు సగం స్పీడులో 7 ఘనపు మీటర్లు, 225 వాట్లు. 6 గంటలు పడుతుంది, కానీ ఖర్చు 1.4 యూనిట్లు. అవే నీళ్లు, అదే ఫిల్టర్, మూడో వంతు కరెంటు. గంటలు ఎక్కువ అయితే ఖర్చు ఎక్కువ అన్న లెక్క బల్బుకు సరిపోతుంది, పంపుకు సరిపోదు.

అమెరికాలో 2021 జులై నుంచి పూల్ పంపులకు కరెంటు పొదుపు నిబంధన పెట్టారు. కొత్తగా తయారయ్యే ఓ మోస్తరు పెద్ద పంపులు దాదాపు అన్నీ వేరియబుల్ స్పీడువే అయిపోయాయి. మన దగ్గర అట్లాంటి నిబంధన లేదు, కాంట్రాక్టర్‌కి ఏది అలవాటైతే అది పెడుతున్నాడు.

ఆక్వా_ఇందుకూరుపేట
నేను రొయ్యల చెరువులు చేసేవాణ్ణి, పూల్ గురించి పెద్దగా తెలియదు, కానీ మోటార్ల బిల్లు గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదనుకుంటా. ఏరేటర్లు రాత్రంతా తిరిగితే నెల చివర ఎట్టా ఉంటుందో చెరువు చేసిన వాళ్లకే తెలుసు.

మీరు కంపెనీ వేరియబుల్ స్పీడ్ పంపే కొనక్కర్లేదు. మామూలు త్రీఫేజ్ మోటారు ఉన్న పూల్ పంపు కొని, దానికి బయట మోటారు వేగం మార్చే వీఎఫ్‌డీ డ్రైవ్ ఒకటి పెట్టండి. మా దగ్గర నీళ్లు తోడే మోటార్లకు రెండిటికి అట్నే పెట్టించాను, మూడేళ్లయింది, బాగా పనిచేస్తున్నాయి. రెండూ కలిపినా కంపెనీ వేరియబుల్ పంపు ధరలో సగానికి కొంచెం అటూ ఇటూ అవుతుంది. చెడిపోతే నెల్లూరులోనే బాగు చేసేవాళ్లు దొరుకుతారు. కంపెనీ పంపులో బోర్డు పోతే చెన్నై పంపాలి, ఎండాకాలంలో మూడు వారాలు పూల్ పచ్చగా ఉంటుంది.

మోటారు_వైండింగ్_కావలి
ఆక్వా అన్న చెప్పింది మంచి దారే, కానీ రెండు జాగ్రత్తలు చెప్పాలి, లేకపోతే ఎవరో ఒకరు మోటారు కాల్చుకుంటారు.

ఒకటి. కెపాసిటర్ ఉన్న సింగిల్ ఫేజ్ మోటారుకు వీఎఫ్‌డీ పెట్టకూడదు. మోటారు త్రీఫేజ్‌ది అయి ఉండాలి.

రెండు. ఇంట్లో సింగిల్ ఫేజ్ కనెక్షనే ఉంటే, సింగిల్ ఫేజ్ తీసుకుని 230 వోల్టుల త్రీఫేజ్ ఇచ్చే డ్రైవ్‌లు దొరుకుతాయి. మన దగ్గర 3 హెచ్‌పీ లోపు త్రీఫేజ్ మోటార్లు ఎక్కువగా 415 వోల్టులకు స్టార్ కనెక్షన్‌లో వస్తాయి. ఆ డ్రైవ్ మీద నడపాలంటే టెర్మినల్ బాక్సులో పత్తీలు మార్చి డెల్టా చెయ్యాలి. నేమ్ ప్లేట్ మీద రెండు వోల్టేజీలూ రాసి ఉంటేనే చెయ్యండి. స్టార్‌లోనే వదిలేస్తే మోటారుకు బలం చాలదు, కరెంటు ఎక్కువ లాగి వేడెక్కుతుంది.

ఇంకో మాట, డ్రైవ్ పంపు పక్కన ఎండలో పెట్టొద్దు. క్లోరిన్ డబ్బాలు ఉన్న గదిలో అసలు పెట్టొద్దు, ఆ ఆవిరికి బోర్డు మీద రాగి అంతా పచ్చబడిపోతుంది. పిడుగుల కాలం కాబట్టి బోర్డులో సర్జ్ ప్రొటెక్షన్ కూడా పెట్టించండి.

దర్గామిట్ట_డాక్టరమ్మ
బాబూ, మీరంతా యూనిట్లు లెక్కపెడుతున్నారు, మంచిదే. పిల్లల కోసం కడుతున్న పూల్ అన్నారు కాబట్టి నేను వేరే సంగతి చెప్తాను, దయచేసి దాన్ని కూడా అంతే శ్రద్ధగా చూడండి.

పెద్ద పంపు పెట్టి, అడుగున ఒక్కటే డ్రెయిన్ పెడితే, ఆ డ్రెయిన్ మీద పిల్ల వీపు గానీ జుట్టు గానీ పడితే అంటుకుపోతుంది. పెద్దవాళ్లు లాగినా రాదు. ఇట్లాంటి ప్రమాదాల వల్లే అమెరికాలో 2007లో ప్రత్యేకంగా చట్టం తెచ్చారు. మీరు అడుగున కచ్చితంగా రెండు డ్రెయిన్లు పెట్టించండి, రెండిటి మధ్య కనీసం ఒక మీటరు దూరం ఉండాలి, రెండూ కలిసి ఒకే పైపుకు రావాలి. అప్పుడు ఒకటి మూసుకుపోయినా రెండో దాని నుంచి నీళ్లు వస్తాయి, లాగుడు ఉండదు. పైన మూతలు చదునువి కాకుండా జుట్టు చిక్కుకోని ఉబ్బెత్తు మూతలు అడగండి. పంపు నెమ్మదిగా తిరిగితే లాగుడు కూడా తగ్గుతుంది, ఆ లెక్కన మీ పొదుపు పిల్లలకూ మంచిదే.

పంపు కరెంటు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), మంచి ఎర్తింగు లేకుండా ఎవరినీ నీళ్లలో దిగనివ్వకండి. ఈ రెండిటి దగ్గర డబ్బు మిగుల్చుకోవద్దు.

సింహపురి_మేడ
మేడమ్, మీకు ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే. ప్లాన్‌లో ఒక్కటే డ్రెయిన్ ఉంది. ఇప్పుడే సైటుకు పోయి కమ్మీ కట్టే మేస్త్రికి చెప్పి పని ఆపించాను. రెండు పెట్టిస్తాను.

చీమకుర్తి_రాయి
ఫిల్టర్ గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నా. మాది చీమకుర్తి, క్వారీల దుమ్ము సంగతి మీకు తెలుసు, పిండిలాంటి సన్నటి నల్ల దుమ్ము. ఇసుక ఫిల్టర్ 20 నుంచి 40 మైక్రాన్ల దాకా ఆపుతుంది, అంతకంటే సన్నది దూరిపోతుంది. మడతల గుడ్డ ఉండే కార్ట్రిడ్జ్ ఫిల్టర్ 10 నుంచి 20 మైక్రాన్లు ఆపుతుంది. నేను మొదట ఇసుకది పెట్టి, రోజూ తెల్లారేసరికి అడుగున దుమ్ము పొర చూసి విసిగిపోయి కార్ట్రిడ్జ్‌కి మారాను. పెద్ద సైజు తీసుకున్నా, 100 చదరపు అడుగులది. నీళ్లు అద్దంలా ఉంటాయి. ఇంకో లాభం, ఇసుక ఫిల్టర్‌కు ఉన్నట్టు నీళ్ల దారి మార్చే మల్టీపోర్ట్ వాల్వు కార్ట్రిడ్జ్‌కి ఉండదు. ఆ వాల్వులో నీళ్లు మెలికలు తిరిగి పోవాలి, అక్కడ చాలా ఒత్తిడి పోతుంది. అది లేకపోతే పంపుకు భారం తగ్గుతుంది, ఇంకా తక్కువ స్పీడులో ఆడించుకోవచ్చు.

పొదిలి_మిద్దె
చీమకుర్తి అన్నకు ఒక ప్రశ్న. మీ నీళ్లు బోరు నీళ్లా, ట్యాంకరా? మా పొదిలి పక్క బోరు నీళ్లు పోస్తే కార్ట్రిడ్జ్ మీద సున్నం పేరుకుని ఆరు నెలలకు చెక్కలా అయిపోయింది. పైపుతో కడిగితే పోదు. ముందు జిడ్డు పోయేలా కడిగి, ఆ తర్వాత పల్చటి యాసిడ్‌లో నానబెట్టాలి, ఆ వరస తప్పితే జిడ్డు లోపలే గట్టిపడిపోతుంది. రెండు సార్లు చేశాక గుడ్డ పాడైంది.

కానీ ఇసుక ఫిల్టర్‌కు నీళ్లు కావాలి కదా, మా దగ్గర అదే కరువు. 600 ఎంఎం ఫిల్టర్‌ని ఒకసారి బ్యాక్‌వాష్ చేస్తే (నీళ్లు ఉల్టా తోసి ఇసుక కడిగితే) 3 నిమిషాలు ఉల్టా, 1 నిమిషం రిన్స్ కలిపి 700, 800 లీటర్లు బయటికి పోతాయి. వేసవిలో వారానికి ఒకసారి చెయ్యాల్సి వస్తే నెలకు 3,000 లీటర్లు. ట్యాంకరు కొనుక్కునే ఊళ్లో అది చిన్న సంగతి కాదు. నేను ఆ నీళ్లను ఒక గుంతలోకి వదిలి రెండు రోజులు ఎండకు ఉంచి కొబ్బరి చెట్లకు పెడుతున్నా. ఉప్పు పూల్ అయితే మాత్రం చెట్లకు పెట్టొద్దు.

చీమకుర్తి_రాయి
మాది ట్యాంకరు నీళ్లు, గట్టిదనం తక్కువ. మీరు చెప్పింది కరెక్టే, గట్టి నీళ్లకు కార్ట్రిడ్జ్ కష్టం. నెల్లూరు అన్న ముందు తన బోరు నీళ్లు పరీక్ష చేయించాలి. కాల్షియం గట్టిదనం 400 పీపీఎం దాటితే ఇసుకే మేలు. పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య ఉంచుకుంటే సున్నం పట్టడం కొంత తగ్గుతుంది.

మిద్దెమీద_సోలార్
ఇంత తలనొప్పి ఎందుకండీ? మిద్దె మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకోండి. సూర్యఘర్ పథకం కింద 78,000 సబ్సిడీ వస్తుంది. రోజుకు 12 యూనిట్ల దాకా వస్తాయి, మీ 2 హెచ్‌పీ పంపు హాయిగా ఆడించుకోండి.

మోటారు_వైండింగ్_కావలి
సోలార్ పెట్టుకోవద్దని ఎవరూ అనరండీ. కానీ ఆ 12 యూనిట్లు పూల్‌కే పోస్తే ఏసీల బిల్లు అట్నే ఉంటుంది. 4 యూనిట్లలో పని అయ్యే దారి ఉన్నప్పుడు మిగతా 8 యూనిట్లు ఇంటికి పనికొస్తాయి కదా. చిల్లు ఉన్న కుండకు పెద్ద కొళాయి పెట్టడం ఎందుకు, చిల్లు మూద్దాం. పైగా పంపు పెద్దదైతే ఫిల్టర్ ఇసుక బయటికి రావడం, మసక నీళ్లు, ఇవేవీ సోలార్‌తో పోవు.

ఒక్క మాటలో మాత్రం మీతో ఏకీభవిస్తా, పంపును పగలే ఆడించాలి. ఎండకు క్లోరిన్ ఎగిరిపోతుంది, నాచు పెరిగేది కూడా ఎండకే. ఎండ ఉన్నప్పుడు నీళ్లు కదులుతూ మందు అన్ని మూలలకూ పోవాలి.

ఒంగోలు_గిత్త
నేను ఇంకో వాదన పెడతా, కావలి అన్న ఏమనుకోవద్దు. 43,000 లీటర్ల పూల్‌కి వేరియబుల్ స్పీడ్ అవసరమా అని నా సందేహం. మంచి 0.75 హెచ్‌పీ మామూలు పంపు, 63 ఎంఎం పైపు, 600 ఫిల్టర్ పెడితే గంటకు 10 ఘనపు మీటర్ల దాకా ఇస్తుంది, 750 వాట్ల దగ్గర లాగుతుంది. 5 గంటలు ఆడిస్తే ఒక తిప్పు పైనే, రోజుకు 4 యూనిట్ల లోపు. బోర్డు లేదు, డ్రైవ్ లేదు, చెడిపోయేది తక్కువ. ఖరీదు మూడో వంతు. మన ఊళ్లలో వోల్టేజీ పడిపోవడం, లేవడం చూస్తున్నాం కదా, ఎలక్ట్రానిక్ సామాను ఎన్నాళ్లు నిలబడుతుంది?

మోటారు_వైండింగ్_కావలి
ఏమనుకోవడం ఎందుకన్నా, మీ వాదనలో బలం ఉంది. చిన్న పూల్‌కి, ఖర్చు పెట్టలేని వాళ్లకు నేను కూడా అదే చెప్తాను. రెండు చోట్ల మాత్రం అది ఇరుకున పడుతుంది.

బ్యాక్‌వాష్ అప్పుడు ఇసుక పైకి లేచి తేలాలి, అప్పుడే మురికి వదులుతుంది. దానికి చదరపు మీటరుకు గంటకు 35 నుంచి 40 ఘనపు మీటర్లు కావాలి. 600 ఫిల్టర్ విస్తీర్ణం 0.283, అంటే గంటకు 10 నుంచి 11 ఘనపు మీటర్లు. మీ 0.75 పంపు సరిగ్గా అంచున ఉంది. పంపు ముందు చెత్త ఆపే బుట్టలో నాలుగు వేపాకులు అడ్డం పడితే చాలు, ఇసుక లేవదు. ఏడాది తిరిగేసరికి లోపల ముద్దలు కడుతుంది.

రెండోది ఎండాకాలం. రోహిణి కార్తెలో మన దగ్గర పూల్ నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి, నాచుకు అంతకంటే ఏం కావాలి. అప్పుడు రోజుకు రెండు తిప్పులు కావాలి. మీ పంపుతో 8, 9 గంటలు, 6 యూనిట్ల పైన. నెమ్మది స్పీడులో 12 గంటలు ఆడిస్తే 3 యూనిట్లు దాటదు.

వేరియబుల్ స్పీడ్ గొప్పతనం అదే, రోజంతా నెమ్మదిగా తిరుగుతుంది, బ్యాక్‌వాష్‌కూ వాక్యూమ్‌కూ ఫుల్ స్పీడ్ ఇస్తుంది. ఒకే పంపు రెండు పనులకు సరిపోతుంది.

సింహపురి_మేడ
రెండు రోజులుగా ఇవన్నీ ప్రింటు తీసి నాన్నకు చదివి వినిపించాను. ఆయన ఇప్పుడు నా కంటే ఎక్కువ ఆసక్తిగా ఉన్నారు. బోరు నీళ్లు పరీక్ష చేయించాం, గట్టిదనం ఎక్కువే వచ్చింది, కాబట్టి ఇసుక ఫిల్టరే. 600 ఎంఎం అనుకుంటున్నాం. 63 ఎంఎం పైపు అంటే కాంట్రాక్టర్ ఒప్పుకోవడం లేదు, 50 చాలు, ఇరవై ఏళ్ల నుంచి అదే వేస్తున్నానంటాడు. తేడా నిజంగా అంత ఉంటుందా?

మోటారు_వైండింగ్_కావలి
ఉంటుంది. 50 ఎంఎం పైపు లోపలి వ్యాసం 45 దగ్గర ఉంటుంది, 63 దానిది 57 దగ్గర. పైకి చూస్తే కొంచెమే తేడా, కానీ అవే నీళ్లు పోతుంటే రాపిడి వ్యాసం అయిదో ఘాతంతో మారుతుంది. లెక్క వేస్తే 50 పైపులో రాపిడి మూడింతల పైనే. గంటకు 14 ఘనపు మీటర్లు పోయేటప్పుడు 50 పైపులో వేగం సెకనుకు 2.4 మీటర్లు, 63లో 1.5. పంపులోకి నీళ్లు లాగే సక్షన్ లైనులో 1.5 దాటకూడదు.

పైపు తేడా ఖర్చు ఒక్కసారే పెడతారు, ఆ పైపు ఇల్లు ఉన్నన్నాళ్లు నేలలో ఉంటుంది. ఇంకా, చిన్న ఎల్బోలు కాకుండా పొడుగు బెండ్లు వెయ్యమనండి. మల్టీపోర్ట్ వాల్వు ఒకటిన్నర అంగుళంది కాకుండా 2 అంగుళాలది అడగండి. కాంట్రాక్టర్‌తో గొడవ పడకండి, పైపు మీరే కొని సైటులో దించండి.

ఆక్వా_ఇందుకూరుపేట
పంపు ఎక్కడ పెడుతున్నారు? గుంత తీసి నేల కింద పెట్టొద్దు. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు మా బంధువుల ఇంట్లో పంపు గుంతలోకి నీళ్లు వచ్చి మోటారు, బోర్డు రెండూ పోయాయి. పూల్ పక్కనే, దగ్గరలో, నేలకు అడుగు ఎత్తు దిమ్మె కట్టి పెట్టండి. పూల్ పంపు తనంతట తాను నీళ్లు లాక్కుంటుంది, బుట్ట మూత దగ్గర ఓ-రింగ్ బిగువుగా ఉంటే చాలు.

పొదిలి_మిద్దె
ఫిల్టర్‌లో పోసే ఇసుక గురించి ఒక హెచ్చరిక. మా మేస్త్రి ఏటి ఇసుక జల్లెడ పట్టి పోసేశాడు, ఇసుక ఇసుకే కదా అన్నాడు. దాంట్లో మట్టి, అన్ని సైజుల రేణువులు కలిసి ఉంటాయి. నెల రోజులకు గట్టిపడి, నీళ్లు ఒక పక్క నుంచే దారి చేసుకున్నాయి. అంతా తోడి పారేయాల్సి వచ్చింది, తోడేటప్పుడు అడుగున వడకట్టిన నీళ్లు తీసుకుపోయే లేటరల్స్ గొట్టాలు రెండు విరిగాయి. 0.5 నుంచి 0.8 ఎంఎం ఫిల్టర్ ఇసుక సంచుల్లో అమ్ముతారు, అదే కొనండి. 600 ఫిల్టర్‌కు సుమారు 150 కిలోలు పడుతుంది. పెన్నా పక్కనే ఉందని ఆశపడొద్దు.

సింహపురి_మేడ
అయిదు నెలల తర్వాత రాస్తున్నా, ఆలస్యానికి క్షమించండి. పూల్ పూర్తయి నీళ్లు పోసి ఏడు వారాలు అయింది. 63 ఎంఎం పైపు, పొడుగు బెండ్లు, 600 ఇసుక ఫిల్టర్, 2 అంగుళాల వాల్వు, 1.5 హెచ్‌పీ వేరియబుల్ స్పీడ్ పంపు. ఆక్వా అన్న చెప్పిన డ్రైవ్ దారి కూడా ఆలోచించాం, కానీ ఇంట్లో నేను లేనప్పుడు నాన్న ఒక్కరే చూసుకోవాలి, బటన్లు తక్కువ ఉన్నది తీసుకున్నాం. డ్రెయిన్లు రెండు, మధ్యలో మీటరున్నర దూరం పెట్టించాను.

నాన్న పంపు లైనుకు విడిగా మీటరు పెట్టించి రోజూ సాయంత్రం నోట్‌బుక్‌లో రాస్తున్నారు. 1,450 ఆర్‌పీఎంలో 230 వాట్లు, ఫ్లో మీటర్‌లో గంటకు 6.5 ఘనపు మీటర్లు. పొద్దున 7 నుంచి సాయంత్రం 6 దాకా అట్నే, మధ్యలో ఒక గంట ఫుల్ స్పీడ్, అప్పుడు గట్టు పక్కనున్న స్కిమ్మర్ నీళ్ల మీద తేలే ఆకులన్నీ లాగేస్తుంది. రోజుకు 3.5 నుంచి 4 యూనిట్లు, పోయిన నెల మొత్తం 114 యూనిట్లు. 9.75 లెక్కన 1,100 రూపాయలు. అడుగున పడిన రూపాయి బిళ్ల బొమ్మా బొరుసా గట్టు మీద నుంచే కనపడుతోంది. పిలకాయలు బడి నుంచి వచ్చి సంచులు పడేసి దూకుతున్నారు.

ఒక చిన్న సమస్య. నెమ్మది స్పీడులో ఫిల్టర్ ఒత్తిడి చూపించే గేజి ముల్లు దాదాపు కదలదు, 0.15 బార్ దగ్గరే ఉంటుంది. బ్యాక్‌వాష్ ఎప్పుడు చెయ్యాలో ఎట్టా తెలుస్తుంది?

మోటారు_వైండింగ్_కావలి
చాలా సంతోషం అన్నా. నాన్నగారి నోట్‌బుక్ ఫొటో పెట్టండి, నా దగ్గరకు వచ్చేవాళ్లకు చూపిస్తాను.

గేజిని ఎప్పుడూ ఒకే స్పీడులో చూడాలి. వారానికి ఒక రోజు, ఆ ఫుల్ స్పీడ్ గంటలో, బుట్ట శుభ్రం చేశాక చూసి రాసుకోండి. బ్యాక్‌వాష్ చేసిన వెంటనే ఫుల్ స్పీడులో ఎంత ఉంది?

సింహపురి_మేడ
0.6 ఉంది అన్నా.

మోటారు_వైండింగ్_కావలి
అయితే ఫుల్ స్పీడులో 1.1 చూపించిన రోజు చెయ్యండి. అంతకుముందు వద్దు, కొంచెం మురికి పట్టిన ఇసుకే బాగా వడకడుతుంది. బ్యాక్‌వాష్‌కి పంపు ఆపి, వాల్వు తిప్పి, ఫుల్ స్పీడ్ పెట్టండి. పంపు తిరుగుతుండగా వాల్వు తిప్పితే లోపలి రబ్బరు గ్యాస్కెట్ లేచిపోతుంది. ఈ సంగతి నాన్నగారికి కూడా చెప్పండి.